బస్తాలు, దస్త్రములు : ఇంటి కంప్యూటరులో ఫైళ్ళ అమరిక

తెలుగున ఫైలును దస్త్రమనుట కలదు. ఉర్దూలో దఫ్తర్ అనిన కార్యాలయము. పూర్వము లెక్కల పుస్తకమునకును ఆ పేరే చెల్లెడిది. ఆ దఫ్తరే మన నోట నలిగి దస్త్రమైనదందురు. పారశీకము ద్వారా వచ్చిన ఈ మాటకు మూలము, తోలు అను అర్థముగల ఒక గ్రీకు పదమని నిఘంటుకారులు చెప్పుదురు. తోలుపై వ్రాసిన కాలపు గుర్తు అది. బస్తా అను మాట సంగతియు ఇట్టిదే. పారశీకమున దాని అర్థము ‘కట్టబడినది’. తెలుగు ఇంట అది బియ్యపు బస్తా యైనది. ఉర్దూ ఇంట బడికి పోవు పిల్లవాని పుస్తకముల సంచి యైనది. నిజాం కాలపు కచేరీలలో మాత్రము బస్తా అనగా కాగితములను గుడ్డలో చుట్టి కట్టిన మూట. అట్టి మూటకు పైన ఒక చీటీ ఉండవలెను. చీటీ ఊడిపోయిన బస్తా పోయినదానితో సమానము. కాగితములు ఎలుకలు కొట్టకున్నను, చెదలు తినకున్నను, వానిని విప్పి చూచు ఓపిక ఎవరికిని ఉండదు.

నేటి ఇంటి కంప్యూటరులో ఫోల్డరు అనునది అట్టి బస్తాయే. దానిపైని పేరే చీటీ. రెండు భాషల విద్యార్థులు కలసి చదువుకొను మన కళాశాల పత్రికలో ఈ విషయమును గూర్చి వ్రాయుటకు మాకు ఒక స్వానుభవమే కారణమైనది. దానిని ముందుగా విన్నవింతుము.

మా దాదాగారు, అనగా మా తండ్రిగారి తండ్రి, పల్లెలో బడిపంతులుగా పనిచేసిరి. వారికి ఒక బయాజ్ ఉండెడిది. తాము వ్రాసిన గజళ్ళు, ముషాయిరాలలో విని నచ్చినవి, వాని నడుమ ఉర్దూ లిపిలో వ్రాసికొనిన వేమన పద్యములు, అంచులలో పాలవాని లెక్కలు, అన్నియు కలసి 84 పుటలు. 2019 రంజాన్ మాసములో మా ఫూఫీగారి కుమారుడు ఆ పుటలన్నిటిని తన ఫోనుతో ఛాయాచిత్రములు తీసి బంధువులందరికిని పంపెను. మేమును వానిని ఇంటి కంప్యూటరులోనికి ఎక్కించితిమి. 2020 అక్టోబరు వరదలలో పాతబస్తీలోని మా ఇంటిలోనికి నీరు చొచ్చినది. ట్రంకు పెట్టె అడుగున నున్న బయాజ్ నానిపోయి, సిరా కరగి, పుటలన్నియు ఒక్క ముద్ద యైనవి. ఆనాడు ఇంటిలో ఎవరును దానికై కంట తడిపెట్టలేదు. ‘ఫోటోలు కంప్యూటరులో ఉన్నవి కదా’ అనిరి మా తండ్రిగారు.

కొన్నాళ్ళకు మా కళాశాల పత్రిక ఉర్దూ విభాగము వారు దాదాగారి గజళ్ళు రెండు అడిగిరి. సంతోషముతో కంప్యూటరు తెరచితిమి. డెస్కుటాపుపై ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ (2)’ మొదలుకొని (7) వరకు వరుసగా కనిపించినవి. ఒకదానిలో ఆపా నికా ఛాయాచిత్రములు, ఒకదానిలో కరెంటు బిల్లులు, ఒకదానిలో చెల్లెలి ప్రాక్టికల్ రికార్డు, ఆధార్ నకళ్ళు. (3) అనునది మాత్రము లేదు. తమ్ముని పిలిచి అడుగగా, పెండ్లి వీడియోకు చోటు చాలక రెండు మూడు ఫోల్డర్లను పెన్ డ్రైవులోనికి మార్చితిననియు, తరువాత ఆ పెన్ డ్రైవును మిత్రునికి ఇచ్చుటకై ఖాళీ చేసితిననియు చెప్పెను. వానిపై కోపపడుట న్యాయము కాదు. ‘న్యూ ఫోల్డర్ (3)’ అను చీటీ చూచి, లోపల దాదాగారి చేతివ్రాత కలదని ఎవరు ఊహింపగలరు? పేరు పెట్టక విడిచినవారము మేము.

ఇక విషయమునకు వత్తము. ఫోల్డరును పెట్టెగా బొమ్మలో చూపుదురు గాని, నిజమునకు అది పెట్టె కాదు, ఒక పట్టిక. డిస్కుపై ఫైలులోని విషయము ఎక్కడనో ఒకచోట, ఒక్కొక్కప్పుడు ముక్కలు ముక్కలుగ కూడ, ఉండును. ఏ పేరుగల ఫైలు ఏ చోట ఉన్నదో తెలుపు పద్దు మాత్రమే ఫోల్డరుకు చెందినది. అందుచేతనే ఒకే డ్రైవులో ఎంత పెద్ద సినిమానైనను ఒక ఫోల్డరు నుండి మరియొక ఫోల్డరునకు మార్చుటకు క్షణము పట్టదు. విషయము కదలదు, పద్దు మారును, అంతే. అదే పెన్ డ్రైవునకు మార్చినచో చాలసేపు పట్టును. అచ్చట విషయమంతయు తిరిగి వ్రాయబడవలెను గదా. ఇది గ్రహించినవారికి ఫోల్డర్లను తిరిగి అమర్చుటకు జంకు ఉండదు. ఎంత కలగాపులగమైన కంప్యూటరైనను ఒక ఆదివారపు మధ్యాహ్నములో సర్దుకొనవచ్చును.

మొదట ఇంటి కంప్యూటర్లకు ఫోల్డర్లే లేవు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులోని డాస్ మొదటి కూర్పున ఫైళ్ళన్నియు ఒకే జాబితా. 160 కిలోబైట్ల ఫ్లాపీకి అంతకుమించి అవసరమును లేకుండెను. 1983లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో ఎక్స్.టి. అను నమూనా వచ్చినప్పుడు, డాస్ రెండవ కూర్పుతో ఫోల్డరులో ఫోల్డరు పెట్టు పద్ధతియు వచ్చినది. ఈ పద్ధతి యూనిక్స్ నుండి గ్రహించినది. దానికి ముందు 1960ల దశాబ్దమున అమెరికాలో మల్టిక్స్ అను పెద్ద యంత్రపు వ్యవస్థ కొరకు రూపొందినది. పేర్లకు మాత్రము ఇరుకు తప్పలేదు. ఎనిమిది అక్షరములు, చుక్క, మూడక్షరములు, అంతే. 1995లో విండోస్ 95 వచ్చిన పిదపనే సామాన్యుని ఇంట 255 అక్షరముల వరకు పేరు పెట్టుకొను స్వేచ్ఛ కలిగినది. నేడు ఇంటింట ఉండు 500 గిగాబైట్ల డిస్కు ఆ ఎక్స్.టి. డిస్కునకు ఏబదివేల రెట్లు. ఇంత చోటు, ఇంత పొడవు పేరు చేతికి వచ్చిన తరువాత కూడ మనము ‘న్యూ ఫోల్డర్ (3)’ అనియే విడిచిపెట్టుట విచిత్రము.

అమరిక ఎట్లుండవలెను? కొందరు వర్డు ఫైళ్ళు ఒకచోట, పి.డి.ఎఫ్.లు ఒకచోట, చిత్రములు ఒకచోట పెట్టుదురు. ఇది మాకు సమ్మతము కాదు. రకమునుబట్టి వేరుచేయుట కంప్యూటరే ఒక్క మీటనొక్కుతో చేయగలదు. ఆ పనిని మనము చేతులారా చేయనక్కరలేదు. అంతేగాక ఇంటిలో ఎవరును ‘పి.డి.ఎఫ్. ఎక్కడ?’ అని అడుగరు. ‘చెల్లెలి ఆదాయ ధ్రువపత్రము ఎక్కడ?’ అని అడుగుదురు. అదియు స్కాలర్‌షిప్పు దరఖాస్తు గడువు చివరి రోజు రాత్రి పదిగంటలకు అడుగుదురు. కావున అడుగబోవు ప్రశ్నయే అమరికకు ఆధారము కావలెను. ఎవరిది, ఏ పనికి, ఏ సంవత్సరము? ఈ మూడు ప్రశ్నలకు మూడు అంతస్తులు చాలును. మా ఇంటిలో ఇప్పుడు పై అంతస్తున మనుష్యుల పేర్లతో కొన్ని, ‘ఇల్లు’ అని ఒకటి, ‘పెద్దల వ్రాతలు’ అని ఒకటి ఉన్నవి. చెల్లెలి పేరుగల ఫోల్డరు తెరచిన ‘చదువు’, అందు ‘2024 స్కాలర్‌షిప్పు’. అంతకు మించి లోతు పోయినచో ఎక్కడ పెట్టితిమో మనకే జ్ఞాపకముండదు. విండోస్‌లో సామాన్యముగ మార్గము మొత్తము, అనగా ఫోల్డర్ల పేర్లన్నియు కలుపుకొని, 260 అక్షరములకు లోబడి యుండవలెనను పాత నిబంధన యొకటి నేటికిని పలుచోట్ల అడ్డుపడుచుండును. లోతైన ఫోల్డర్లలో పొడుగు పేర్లు పెట్టి, అవి పెన్ డ్రైవులోనికి ఎక్కక చిక్కుపడినవారిని మేము ఎరుగుదుము.

ఒకే పత్రము రెండు పనులకు కావలసినచో ఏమి చేయవలెను? ఇది గ్రంథాలయములవారు ఏనాడో ఎదుర్కొనిన చిక్కు. పుస్తకము ఒక్క అరలోనే నిలుచును. కాని దానిని గూర్చిన చీటీలు జాబితాలో ఎన్నియైనను ఉండవచ్చును. 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిన ఎస్. ఆర్. రంగనాథన్ గారు, ఒకే గ్రంథమునకు పలు ముఖములుండునని గుర్తించియే ఆ పద్ధతిని నిర్మించిరి. కంప్యూటరులో షార్ట్‌కట్ అనునది అట్టి చీటీ. ఆధార్ నకలు చెల్లెలి ఫోల్డరులో ఒక్కటే ఉంచి, కావలసినచోట షార్ట్‌కట్ పెట్టుకొనవచ్చును. అయితే ఒక మినహాయింపు కలదు. దరఖాస్తుతో పంపిన పత్రములను మాత్రము షార్ట్‌కట్టులుగ గాక, పంపినవి పంపినట్లు నకళ్ళుగా ఆ సంవత్సరపు ఫోల్డరులోనే ఉంచవలెను. రేపు ‘మీరు పంపిన పత్రములో తండ్రి పేరు వేరుగా ఉన్నది’ అని ఎవరైన అన్నచో, నాడు పంపినది ఏదో చూపుటకు అదియే సాక్ష్యము. షార్ట్‌కట్ ఒక చిరునామా మాత్రమే. అది పెన్ డ్రైవులోనికి ఒంటరిగా పోయినచో అవతలివారికి ఏమియు తెరుచుకొనదు. నెట్‌సెంటరులో వరుసలో నిలుచుండి ఈ సత్యమును తెలిసికొనిన విద్యార్థులు మన కళాశాలలోను కలరు.

పేర్ల విషయము మరికొంత వివరింపదగినది. తేదీని మనము దినము, మాసము, సంవత్సరము అను వరుసలో వ్రాయుదుము. కంప్యూటరు పేర్లను ఎడమనుండి పోల్చుకొనుచు పేర్చును గావున, ఆ వరుసలో వ్రాసిన జనవరి ఐదు ప్రక్కన మార్చి ఐదు వచ్చి కూర్చుండును. సంవత్సరము ముందు, పిదప మాసము, పిదప దినము వ్రాసినచో, 2024-03-05 అనునట్లు, కాలక్రమము తనంత తానే ఏర్పడును. మాసమునకును దినమునకును సున్న చేర్చుట మరువరాదు. పుటలకును అంతే, 1, 2, 10 అని గాక 01, 02, 10 అని వ్రాయవలెను. విండోస్ నేడు అంకెల విలువ గ్రహించి పేర్చగలిగినను, పలు ఇతర పరికరములు 10ని 2 కంటె ముందు పెట్టుచుండును. తేదీల నడుమ ఏటవాలు గీత వాడుటకు విండోస్ ఒప్పుకొనదు. ఆ గీత మార్గమును విడదీయుటకు కేటాయింపబడినది. ప్రశ్నార్థకము, నక్షత్రపు గుర్తు, రెండు చుక్కలు, నిలువు గీత మొదలైనవియు పనికిరావు. వాట్సాప్ ద్వారా వచ్చిన చిత్రముల పేరులోనే ఒక తేదీ ఉండును గాని, దానిని నమ్మరాదు. అది చిత్రము మనకు చేరిన తేదీయే గాని తీసిన తేదీ కాదు. పంపునప్పుడు చిత్రములోని అసలు తేదీ సమాచారము కూడ సాధారణముగ తొలగిపోవును.

ఇంతవరకు చెప్పినది ఏ భాషవారికైనను ఒకటే. మనకు మాత్రము లిపుల సమస్య అదనముగ కలదు. ఫైళ్ళకు తెలుగులో, ఉర్దూలో పేర్లు పెట్టవచ్చునా? నిస్సందేహముగ పెట్టవచ్చును. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకును, ఉర్దూ ఆధారపడిన అరబ్బీ లిపికిని స్థానము లభించినది. అయినను కొన్ని మెలకువలు అవసరము.

యూనికోడ్ రాక ముందటి తెలుగు ఫాంట్లతో టైపు చేసినవారి ఫైళ్ళు మన ఇండ్లలో ఇంకను మిగిలియున్నవి. అందు యంత్రము దాచుకొనినది ఆంగ్ల సంకేతములనే. తెలుగు రూపము ఫాంటు వేసిన వేషము. అట్టి ఫైలులో ‘దాదా’ అని వెదకినచో యంత్రమునకు దొరకదు. 1990ల దశాబ్దమున వచ్చి ఉర్దూ ముద్రణను మార్చివేసిన ఇన్‌పేజ్ పాత ఫైళ్ళ స్థితియు ఇట్టిదే. లోపలి ఉర్దూను కంప్యూటరు సామాన్య శోధన చదువలేదు. లోపల వెదకుట సాధ్యము కానప్పుడు పైనున్న పేరే శరణ్యము. కావున ఇట్టి పాత ఫైళ్ళకు విషయమును తెలుపు పేరును యూనికోడ్‌లో పెట్టుట అన్నిటికంటె ముందు చేయవలసిన పని.

యూనికోడ్‌లోను కంటికి కనబడని భేదములు కలవు. ఉర్దూ యే, అరబ్బీ యే మాట నడుమ ఒకే రూపున కనిపించును, సంకేతములు వేరు. కాఫ్ అక్షరమును అంతే. ఆపా ఉర్దూ కీబోర్డుతో వ్రాసిన పేరును, ఫోనులోని అరబ్బీ కీబోర్డుతో వెదకినచో ‘లేదు’ అను సమాధానమే రావచ్చును. తెలుగున ‘పాస్‌బుక్’ అను మాట చూడుడు. పొల్లు సకారము తరువాత కంటికి కనబడని ఒక సంకేతము ఉన్నచో బకారము విడిగా నిలుచును. లేనిచో వత్తుగా మారి ‘పాస్బుక్’ అగును. ఒకరు ఒక తీరుగ, మరియొకరు మరియొక తీరుగ వ్రాసినచో శోధనలన్నియు ఆ భేదమును క్షమింపవు. ఇంటిలో ఒక మాటకు ఒకే వ్రాత అని నిర్ణయించుకొనుట మేలు. మేము ‘బ్యాంకు పుస్తకము’ అని పెట్టుకొని ఆ బాధ తప్పించుకొంటిమి.

కుడినుండి ఎడమకు వ్రాయు ఉర్దూ మాటల నడుమ తేదీ అంకెలు వచ్చినచో తెరపై వరుస తారుమారైనట్లు కనిపించును. లోపలి క్రమము సరిగానే ఉండును. కనిపించు తీరు మాత్రమే తికమక పెట్టును. తేదీ ఉన్న ఫైలుకు తెలుగు పేరో ఆంగ్ల పేరో పెట్టి, ఉర్దూ పేరును అంకెలు లేని ఫోల్డరునకు ఉంచుట మాకు నచ్చిన మార్గము. పేర్ల వరుసలో సామాన్యముగ అంకెలు ముందు, ఆంగ్లము తరువాత, పిదప ఉర్దూ, దాని తరువాత తెలుగు వచ్చును. ముందు ఎవరు, వెనుక ఎవరు అని దీనిపై వాదులాడ పనిలేదు; ముందు రెండంకెల సంఖ్య చేర్చినచో మనకు కావలసిన క్రమమే వచ్చును.

పొడవు విషయమున ఒక చిన్న వింత. ‘దస్త్రము’ అనిన మన లెక్కకు మూడక్షరములు. యంత్రపు లెక్కకు ఎనిమిది సంకేతములు. స్త్ర అను ఒక్క సంయుక్తాక్షరమే ఐదు. ఆండ్రాయిడ్ ఫోనులలోను, లినక్స్ యంత్రములలోను పేరు 255 బైట్లకు మించరాదు. తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు, ఉర్దూ అక్షరము రెండు, ఆంగ్లాక్షరము ఒకటి. అనగా దస్త్రమునకు ఇరువదినాలుగు బైట్లు ఖర్చు. తెలుగు పేరుకు మొత్తము 85 సంకేతములకే చోటు. విండోస్‌లో ఈ భేదము లేదు. అందుచే కంప్యూటరులో చక్కగా ఉన్న పొడుగు తెలుగు పేరు ఫోనులోనికి ఎక్కకపోయినచో ఆశ్చర్యపడరాదు.

తొలగించుటను గూర్చి రెండు మాటలు. కంప్యూటరులో తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌లో ఉండును, తిరిగి తెచ్చుకొనవచ్చును. పెన్ డ్రైవు నుండి తొలగించినది సామాన్యముగ అచ్చటికి పోదు. మా తమ్మునికిని ఇది తెలియదు, ఆనాడు మాకును తెలియదు. విలువైన ఫోల్డరునకు మూడు ప్రతులుండవలెననియు, అందొకటి వేరు ఇంట ఉండవలెననియు తెలిసినవారు చెప్పుదురు. వరద చూచిన ఇంటివారమగుటచే ఆ చివరి మాట మాకు బాగుగ మనసున నాటినది. అమరిక ఉన్న ఇంట ఇది సులభము. ‘పెద్దల వ్రాతలు’ అను ఒక్క ఫోల్డరును నకలు తీసి ఫూఫీగారి ఇంట ఉంచిన చాలును. ఏడు న్యూ ఫోల్డర్లలో ఏది విలువైనదో తెలియని ఇంట నకలు దేనికని తీయుదురు?

దాదాగారి బయాజ్ సంగతి ముగింపవలసియున్నది. చిత్రములు తీసిన బావ ఫోను ఏనాడో పోయినది. బంధువుల పాత ఫోనులు ఒక్కొక్కటి అడిగి తెచ్చి వెదకితిమి. తండ్రిగారి పాత ఫోనులో 40 పుటలు, చాచీగారి ఫోనులో వివాహపు విందుల చిత్రముల నడుమ 21 పుటలు దొరకినవి. పేర్లలోని తేదీలు మూడు సంవత్సరములకు చెందియుండుటచే వానిని బట్టి వరుస కట్టుట సాధ్యము కాలేదు. దాదాగారు ప్రతి పుట మూలన ఉర్దూ అంకెలతో పుట సంఖ్య వేసియుండుట మా అదృష్టము. ఆ సంఖ్యనుబట్టియే ‘బయాజ్-01’ మొదలుకొని ‘బయాజ్-84’ వరకు పేర్లు పెట్టితిమి. దొరకని పుటల సంఖ్యలను ఇతర పుటలకు ఇయ్యలేదు. ఫోల్డరు తెరచినంతనే ఎచ్చట ఖాళీ ఉన్నదో కనిపించును.

పత్రికకు ఒక గజలే ఇయ్యగలిగితిమి. రెండవదాని చివరి మూడు షేర్లు 32వ పుటపై ఉండినవి. ఈ వ్యాసమును వ్రాయుచుండగా రియాద్‌లోని మా చాచాగారు తమ ఫోనులో నున్నవని రెండు చిత్రములు పంపిరి. ఒకటి 57, రెండవది, మూలనున్న అంకెను పెద్దది చేసి చూడగా, 32. తమ్ముడే దానికి పేరు మార్చి తన చోట పెట్టెను.